మేనమామ చాలు

పోయినవారం సింగరయ్యను మంగళగిరి ఆసుపత్రి మెట్ల మీద, చెవికి ఫోను ఆనించుకుని ఉండగా వదిలిపెట్టి వచ్చాం. అవతలి గొంతు బావమరిది మాలకొండయ్యది.

"ఏమీ అనుకోబాక బావా. మా కౌశిక్‌కీ మీ అలేఖ్యకీ తాంబూలాల మాట కొన్నాళ్ళు పక్కన పెడదాం. మీ ఇంట్లో ఆ జబ్బుందని నలుగురూ అనుకుంటన్నారు. రేపు పిల్లకి వచ్చి, పుట్టేవాళ్ళకీ వచ్చిందనుకో, పూచీ ఎవరిది?"

సింగరయ్య అసలే మాట పొదుపు మనిషి. పైగా జబ్బున్న మాట నిజం. మిరప చేలో మందు ట్యాంకు వీపున మోసీ మోసీ వచ్చిన నడుం నొప్పి అనుకున్నది కాస్తా, ప్రోస్టేట్ గ్రంథిలో పుట్టిన కేన్సరు ఎముకల్లోకి దిగిన నొప్పి అని తేలింది. ఆడపిల్ల తండ్రి, పైన రోగిష్టి. ఇంక ఏ మొహంతో వాదిస్తాడు? ఫోను చొక్కా జేబులో వేసుకుని మెట్లు దిగబోయాడు. దిగుతుంటే ఒక్క మాట మాత్రం ముల్లులా అడ్డం పడింది.

మీ ఇంట్లో.

అదే మాట నజ్మీన్ మేడమ్ కూడా అడిగి ఉంది. ఆ ఆసుపత్రిలో వంశంలో వచ్చే జబ్బుల సంగతి చూసే డాక్టరమ్మ ఆవిడ. మొదటిరోజు, "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి జబ్బు వచ్చిందాండీ?" అనడిగింది. "మా ఇంట్లోనా? లేదండీ," అన్నాడు సింగరయ్య. అబద్ధం చెప్పలేదు. తండ్రి పండుటాకులా నిద్రలో రాలిపోయాడు. బాబాయిలిద్దరూ ఇప్పటికీ కర్ర లేకుండా చేలకు పోతున్నారు. ఆవిడ అలాగే రాసుకుంది. తర్వాత రక్తం తీసి ఎక్కడికో పంపారు. ఫలితం వచ్చిన పూట ఆవిడ కుర్చీ దగ్గరకు జరుపుకుని నెమ్మదిగా చెప్పింది.

"ఇది మీకు మందులు కొట్టడం వల్ల వచ్చింది కాదు, తిండి వల్లా కాదు. పుట్టేటప్పుడే మీ జన్యువుల్లో ఒక తప్పు వచ్చింది. అమ్మగారి నుంచైనా రావచ్చు, నాన్నగారి నుంచైనా రావచ్చు. అది ఉన్నంత మాత్రాన అందరికీ జబ్బు రాదు. కానీ లేనివాళ్ళకంటే ముప్పు చాలా ఎక్కువ. ముందే తెలిసుంటే నలభయ్యో ఏట నుంచే ఏటా పరీక్ష చేసేవాళ్ళం. ఎముకల్లోకి పోకముందే పట్టుకునేవాళ్ళం. మీ అమ్మగారు ఎలా పోయారు?"

"కడుపులో గడ్డండీ. అండాశయం అన్నారు. అది ఆడవాళ్ళ జబ్బు కదండీ. నాది మగవాళ్ళది."

ఆవిడ రాయడం ఆపింది. "ఆ తప్పు ఒకటే అయినా ఆడవాళ్ళలో అక్కడ, మగవాళ్ళలో ఇక్కడ బయటపడుతుందండీ. మీ మేనమామల సంగతేంటి?"

"ఒకాయన పోయాడండీ. నడుం నొప్పితోనే మంచం పట్టి. కానీ వాళ్ళది మా ఇల్లు కాదు. ఇంటిపేరు వేరు."

"రక్తం ఇంటిపేరు చూసుకుని రాదండీ," అంది నజ్మీన్ మేడమ్.

ఆవిడ తప్పూ లేదు, ఈయన తప్పూ లేదు. మన వైపు ఇల్లంటే గోడలు కాదు, ఇంటిపేరు. పెళ్ళయిన ఆడదానికి పుట్టిల్లు ఉంటుంది గానీ, ఆమె పిల్లలకు అది ఇల్లు కాదు. సెలవులకు పోయే ఊరు. చావు మైల కూడా వీళ్ళకు పట్టినన్నాళ్ళు వాళ్ళకు పట్టదు. అట్టాంటప్పుడు జబ్బు మాత్రం గోడ దూకి వస్తుందని ఎవరనుకుంటారు?

అది విని బయటకొచ్చాకే మాలకొండయ్య ఫోను. మాలకొండయ్య ఎవరో కాదు. సింగరయ్య మేనమామ పేరయ్యకు పెద్దకొడుకు.

* * *

మర్నాడు పొద్దెక్కాక యేసుపాదం ట్రాలీ ఆటోలో సింగరయ్య మేనమామ ఊరు కొత్తపాలెం బయల్దేరాడు. భార్య వెంగమ్మతో చేలోకి పోయొస్తానన్నాడు. ఎందుకో నిజం చెప్పబుద్ధి కాలేదు.

యేసుపాదం, సింగరయ్య ఒకే పలక మీద అక్షరాలు దిద్దినవాళ్ళు. వెనక మిరప మూటలేసే చోట గోతాలు మడిచి పరుపులా పరిచి, దాని మీద మనిషిని కూర్చోబెట్టాడు. పర్చూరు దాటాక గుంటల రోడ్డు.

"ఒరేయ్, మెల్లగా పోనీరా. మూటలనుకున్నావా?"

"మూటలే నయం. నోరెత్తవు. నీ నడుం కోసం ఈ రాత్రికి తారు పోయించమంటావా?"

"పోయించు. పుణ్యముంటది."

"నాకు పుణ్యం పాస్టరుగారు చూసుకుంటాడులే గానీ, ఇంతకీ మీ మామనేం అడగబోతన్నావు?"

సింగరయ్య బయటికి చూశాడు. రోడ్డుకు అటూ ఇటూ పత్తి ఏరేసిన చేలు, ఎండిపోయిన కట్టె. కాయ పగిలి దూది పోయిన డొప్పలు గాలికి గలగలమంటున్నాయి.

"ఒక్క మాట," అన్నాడు చివరికి. "జబ్బు ఏ ఇంట్లోంచి వచ్చిందో ఆయన నోటితో చెప్పాలి. నా పని అయిపోయిందిరా. నాకు తెలుసు. నా పిల్ల మీద వేసిన మాట వాళ్ళే వెనక్కి తీసుకోవాలి. 'ఆ ఇంట్లో జబ్బుంది' అని ఒకసారి అంటే, ఈ చుట్టుపక్కల దాన్ని ఎవడు చేసుకుంటాడు?"

"మీ మామకు జబ్బుందని నీకేం తెలుసు? ఆయన గుండ్రాయిలా ఉన్నాడుగా."

"తెలవదు. చూస్తే తెలుసుద్ది."

చూసి తెలుసుకోవడమే సింగరయ్య చదువు. బడి చదువు ఏడో తరగతితో ఆగినా, ఆకు అడుగున పురుగు చేరిందో లేదో చేను గట్టు మీద నిలబడి చెప్పగలడు. మనుషుల్నీ అట్టాగే చూస్తాడు. చూసింది మనసులో పెట్టుకుంటాడు. బయట పెట్టడు.

ఇక మేనమామను ఆయన చూసినంతగా ఇంకెవరూ చూసి ఉండరు. సింగరయ్యది మేనమామ చాలు. నాగలి ఒక చాలు తీస్తే రెండో చాలు దాని పక్కనే పోయినట్టు, పేరయ్య ఎట్టా ఉంటే ఈయన అట్టా ఉంటాడు. అదే పొడవు, అదే ముందు నుంచి ఊడిన జుట్టు, నవ్వితే ఒక్క భుజమే ఎగరడం. "వీడు నడిచొస్తంటే మా తమ్ముడే వస్తన్నట్టుంటది," అని తల్లి ఆదెమ్మ మురిసిపోయేది. కుర్రతనంలో సింగరయ్య మీసం కూడా మామలాగే దువ్వాడు. ఊళ్ళో మేనమామ చాలు అని ఎవరన్నా అంటే ఛాతీ విరుచుకునేవాడు.

ముక్కు వచ్చింది, నడక వచ్చింది, బట్టతల వచ్చింది. ఇవన్నీ ఏ ఇంటిపేరు అడిగి వచ్చాయి? ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదేమని గోతాల మీద కూర్చుని ఇప్పుడు తనను తాను అడుగుతున్నాడు.

* * *

పేరయ్య కల్లం ఊరి బయటే. ఎర్ర దుప్పటి పరిచినట్టు మిరపకాయలు ఎండుతున్నాయి. అంచున ఆడకూలీలు ముక్కులకు కొంగులు కట్టుకుని తాలు ఏరుతున్నారు. రంగు చెడి తెల్లబారిన కాయను తాలంటారు. మంచికాయ ఒక కుప్ప, తాలు ఒక కుప్ప. గాలి చల్లగా ఉంది. ఆడవాళ్ళు తలలకు తువ్వాళ్ళు చుట్టుకున్నారు.

రేకుల నీడన ప్లాస్టిక్ కుర్చీలో పేరయ్య కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద పల్చటి బనీను. చేతిలో తువ్వాలు. దాంతో మెడ తుడుచుకుంటున్నాడు, విసురుకుంటున్నాడు, మళ్ళీ తుడుచుకుంటున్నాడు.

సింగరయ్య ఆటో దిగి నడుం పట్టుకుని నిలబడ్డాడు. అక్కడినుంచే చూశాడు. చూడాల్సిందంతా చూశాడు.

"రా అల్లుడూ! ఏందిరా ఈ అవతారం, సగమైపోయావు. కూర్చో, కూర్చో. నడుం ఎట్టా ఉంది?"

"ఉంది మామా."

కాటా దగ్గర నుంచి మాలకొండయ్య గబగబా వచ్చాడు. "ఫోన్లో చెప్పాగా బావా. ఈ ఒళ్ళేసుకుని మళ్ళా రావాల్నా? మేం లేదనలా. ఆగుదామన్నాం."

"నేను సంబంధం అడగడానికి రాలేదులే. మామను చూసి పోదామని వచ్చా."

మాలకొండయ్య భార్య ఇంట్లోంచి పళ్ళెంలో సున్నుండలు, మంచినీళ్ళు తెచ్చింది. "బాగున్నారా అన్నయ్యా," అని ఒక్క ముక్క అని, మొహం చూడకుండా వెళ్ళిపోయింది. పేరయ్య అలవాటుగా ఒక సున్నుండ తీసి నోట్లో వేసుకున్నాడు. నెయ్యీ బెల్లం వేళ్ళకు అంటితే చప్పరించాడు.

"షుగరు తగ్గిందా మామా?" అన్నాడు సింగరయ్య. షుగరుకు ఇంజెక్షను వేయించుకుంటున్నానని పేరయ్య ఏళ్ళుగా అందరితో చెప్పే మాట.

నములుతున్న దవడ ఆగింది. "ఆఁ... ఎక్కడ తగ్గిద్ది. ఉంది."

"ఇంజెక్షను మానలేదుగా?"

"మూడు నెలలకోసారి ఒంగోలు పోతన్నానుగా."

"మా ఊళ్ళో నాగూర్ వలికి షుగరు. రోజూ తనే పొడుచుకుంటాడు. సున్నుండ ఎదురుగా పెడితే ఏడుపు మొహం పెడతాడు గానీ ముట్టడు. మూడు నెలలకోసారి వేసే షుగరు ఇంజెక్షను మాత్రం నేనెక్కడా వినలా మామా."

మాలకొండయ్య అడ్డొచ్చాడు. "అది వేరే రకంలే బావా. ఖరీదైంది."

"నాకూ వేశారు మొన్న, మూడు నెలలకోసారి వేసేది," అన్నాడు సింగరయ్య, బావమరిది వైపు చూడకుండానే. "బొడ్డు పక్కన, చర్మం పట్టుకుని. సూది లావుగా ఉందిలే. అది వేసిన కాన్నించీ మాఘమాసం చలిలో నాకు చెమటలు పోస్తన్నాయి మామా. లోపలెవడో పొయ్యి రాజేసినట్టుంటది. ఉన్నట్టుండి వచ్చిద్ది, పోయిద్ది. అప్పుడు ఇట్టా విసురుకుంటన్నా."

భుజం మీద తువ్వాలు తీసి విసురుకున్నాడు. అవతలి కుర్చీలో పేరయ్య చేతిలో తువ్వాలు అప్పటిదాకా అదే ఊపున ఊగుతూ ఉంది. ఇప్పుడు ఆగిపోయింది. ఇద్దరూ ఎదురెదురుగా, ఒకే ముక్కు, ఒకే బట్టతల, ఒకే తడి నుదురు.

తాలు ఏరే చేతులు కూడా ఆగాయి.

"బావా, లోపలికి పోదాం పద," అన్నాడు మాలకొండయ్య గొంతు తగ్గించి.

"ఎందుకు? నా కూతురి పేరు ఊళ్ళో పెట్టేటప్పుడు లోపలికి పోయే చెప్పావా?"

"నువ్వాగరా అబ్బాయ్," అన్నాడు పేరయ్య కొడుకుతో. తర్వాత కూలీల వైపు తిరిగి, "మీరు పోయి నీళ్ళు తాగి రాండే," అన్నాడు.

"ఇప్పుడే తాగొచ్చాం," అంది అందులో ఒక ముసలామె. ఎవరూ కదల్లేదు. ఆ మాటకు మామూలప్పుడైతే పేరయ్య కల్లమంతా అదిరేటట్టు అరిచేవాడు. ఇవాళ అరవలేదు. బనీను ముందుకు లాక్కున్నాడు. దాని కింద ఆడవాళ్ళకు మల్లే ఉబ్బిన రొమ్ములు సింగరయ్య కంట పడనే పడ్డాయి. నజ్మీన్ మేడమ్ ముందే చెప్పింది, కొన్నాళ్ళకు ఇదీ వస్తుందని.

"ఎప్పట్నించి మామా?"

పేరయ్య కల్లం వైపు చూస్తూ చెప్పాడు. "ఎనిమిదేళ్ళవుతోందిరా. ఒంటేలు ఆగిపోతే పోయాం. అప్పుడు తేలింది. కరెంటు పెట్టారు. అప్పట్నించీ ఈ సూది."

"చిన్నమామ పోయిందీ దీంతోనేనా?"

"అదేనంట. వాడికి ఎవరు చూశారు గనక."

"నీకు చెప్పలేదా డాక్టర్లు, మిగతావాళ్ళకి చెప్పమని?"

"చెప్పారు. రక్తం చూసి, 'ఇది వంశంలో వచ్చేది, మీ ఇంట్లోవాళ్ళందరికీ చెప్పండి' అన్నారు. చెప్పాను. కొడుకులిద్దర్నీ తీసుకుపోయి రక్తం ఇప్పించాను. మీ బావమరిదికి లేదన్నారు. వాడికి లేకపోతే కౌశిక్‌కీ భయం లేదన్నారు. చిన్నోడికి ఉంది. వాడు ఏటా చూపించుకుంటన్నాడు. ఇంట్లోవాళ్ళకు చెప్పమన్నారు, ఇంట్లోవాళ్ళకు చెప్పాను."

"మరి నేను?"

పేరయ్య మొదటిసారి తలెత్తి చూశాడు. ఆ చూపులో దొంగతనం లేదు. నిజంగానే అర్థంకానితనం ఉంది. సింగరయ్యకు మిగతా అన్నిటికంటే అదే ఎక్కువ మండింది.

"నువ్వు మా ఇంట్లోవాడివి ఎట్టా అవుతావురా?"

"మా అమ్మ ఈ ఇంట్లో పుట్టలేదా?"

"పుట్టింది. పుట్టి వెళ్ళిపోయింది."

కల్లంలో ఎవరో తుమ్మారు. మిరప ఘాటు గాలికి ఒక్కసారిగా లేచింది. సింగరయ్యకు దగ్గు వచ్చి, దగ్గుతో నడుంలో మెరుపు మెరిసి, కుర్చీ చేతులు పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి మామ మంచినీళ్ళ గ్లాసు చాపి ఉన్నాడు. తీసుకోలేదు.

"వెళ్ళిపోయినప్పుడు ఏం పట్టుకుపోయిందో చూశావా మామా? మీరు పెట్టిన ఇత్తడి బిందెలు చూశారు, పట్టుచీరె చూశారు. ఇది చూడలా. ఆమె కడుపులో గడ్డకీ ఇదే మూలమంట. నాకూ అక్కడ్నించే. రేపు నా బిడ్డకు వచ్చిందో లేదో బొమ్మా బొరుసంట. సగానికి సగం. మీ ఇంట్లో మాత్రం తాలు ఏరుకుని మంచికాయ వేరే పోసుకున్నారు. ఏరిన తాలు బస్తా మా గడపలో దించి, 'మీ ఇంట్లో తాలుంది, మీ కాయ మాకొద్దు' అంటన్నారు."

"నేనట్టా అనలేదురా..."

"నీ కొడుకు అన్నాడు. నువ్వు పక్కన కూర్చుని విన్నావు."

పేరయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తుడుచుకుంటున్నాడో, ఏడుస్తున్నాడో తెలియలేదు.

"ఏ నోటితో చెప్పమంటావురా," అన్నాడు తువ్వాలు వెనక నుంచే. "ఆ చోటు జబ్బు. మగాణ్ణి కాకుండా చేసే సూది. ఈ ఊళ్ళో నేను పంచాయితీలు చెప్పినవాణ్ణి. షుగరంటే ఎవడూ నవ్వడు. షుగరు పెద్దమనుషుల జబ్బు."

"ఇప్పుడు చెప్పు. ఎల్లుండి మీ ఊరి పెద్దలనీ మా ఊరి పెద్దలనీ పిలుస్తా. ఇది ఆ ఇంటిది కాదు, మా ఇంటిదని అక్కడ ఒక్క మాట చెప్పు. సంబంధం చేసుకోబాకండి. నాకక్కర్లేదు. మాట వెనక్కి తీసుకో."

"అదెట్టా కుదురుద్ది?" మాలకొండయ్య ఇక ఆగలేకపోయాడు. "కౌశిక్ వెనక నాకు ఆడపిల్ల ఉంది. చీరాల నుంచి వచ్చి చూసిపోయారు. ఇప్పుడు మా ఇంట్లో ఉందని మేమే టముకు వేసుకోవాల్నా?"

"నీ ఆడపిల్లది పిల్ల, నాది పిల్ల కాదా?"

"అది కాదు బావా..."

"నీకు లేదన్నారుగా. నీ బిడ్డకు భయం లేదుగా. అయినా మాట పడుద్దేమోనని వణుకుతన్నావు. నా బిడ్డ ఉందో లేదో తెలవకుండానే మాట మోయాల్నా? చెప్పు మామా. నీ చాలు నా ఒంట్లో ఉందని ఇన్నేళ్ళు మురిసినవాణ్ణి. ఒక్క మాట చెప్పలేవా?"

పేరయ్య పెదాలు కదిలాయి. చెప్పేవాడేమో. చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడే ఇంకో దారి పట్టేది. కానీ మాలకొండయ్యకు తండ్రి మెత్తబడడం కనిపించింది. కాలుతున్న ఇంట్లోంచి చేతికందింది పట్టుకుని బయటికి ఉరికినట్టు, అతని నోటికి దొరికిన మాట బయటికి వచ్చింది.

"అందర్నీ నిలదీస్తన్నావు గానీ, నీ ఇంట్లో అడిగావా బావా?"

"మాలకొండయ్యా! నోర్ముయ్యి!" పేరయ్య కుర్చీలోంచి లేచాడు. అప్పుడు కల్లం అదిరింది.

"ఎందుకు ముయ్యాలి నాన్నా? ఈయన మనల్ని దొంగల్ని చేసి మాట్టాడతంటే? ఈ సంబంధం మేం అడిగామనుకుంటన్నావుగా బావా. పళ్ళూ పూలూ పళ్ళెంలో పట్టుకొచ్చింది మేమే. పట్టుకురమ్మన్నది ఎవరో తెలుసా?"

సింగరయ్య మామ మొహం చూశాడు. ఆ మొహం తనకు అద్దం. అందులో కోపం లేదు. జాలి ఉంది.

"ఎవరు మామా?"

పేరయ్య మళ్ళీ కూర్చున్నాడు. చెప్పక తప్పదన్నట్టు, ఒక్కొక్క మాటే, మంచంలో ఉన్నవాడికి ముద్ద పెట్టినట్టు పెట్టాడు.

"మా అక్క మంచాన ఉన్నప్పుడు చూడొచ్చాగా. ఆరేళ్ళ కిందట, పోయే ముందు. ఆమె చెయ్యి పట్టుకుని, 'ఇది మన రక్తంలోదే అక్కా, నాకూ ఉంది' అని చెప్పుకున్నా. ఒక్క అక్కకే చెప్పాననుకున్నా. తలవైపు గంజి గ్లాసు పట్టుకుని వెంగమ్మ నిలబడి ఉంది."

"వెంగమ్మ."

"రెండేళ్ళ కిందట ఒక్కతే వచ్చింది. ఇక్కడే, ఈ రేకుల కింద నిలబడి అడిగింది. 'బాబాయ్, మీ కౌశిక్‌కు లేదని తేలిందంట కదా. మా అమ్మాయిని చేసుకోండి. పుట్టేవాళ్ళకు ఒకవైపు నుంచన్నా భయం లేకుండా ఉంటది' అని. నేను సరేనన్నా. సరేనని, 'అమ్మాయ్, ముందు వాణ్ణి తీసుకుపోయి చూపించవే, యాభై దాటుతున్నాడు, వాడిది అచ్చం నా చాలు' అన్నాను. నా మీద ఒట్టు, అన్నాన్రా."

"ఏమంది?"

"'ఆయన సంగతి నాకొదిలెయ్యండి' అంది."

రెండేళ్ళు. ఎముకల్లోకి పోకముందే పట్టుకునేవాళ్ళం అన్న నజ్మీన్ మేడమ్ గొంతు సింగరయ్య చెవిలో మళ్ళీ మోగింది. అంతకుముందు నాలుగేళ్ళ సంగతి సరే, ఆమెకు బోధపడలేదనుకోవచ్చు. ఈ రెండేళ్ళు? నడుం నొప్పంటే ఆముదం కాచి పట్టు వేసిన చెయ్యి. వేడినీళ్ళ కాపడం పెట్టిన చెయ్యి. ఆ చేతికి తెలుసన్నమాట, తను దేని మీద కాపడం పెడుతోందో.

సింగరయ్య లేచాడు. మాటలన్నీ ఎవరి మీద వెయ్యాలని తెచ్చుకున్నాడో వాళ్ళు కాదు, ఇప్పుడు అవి పడాల్సిన మనిషే వేరు. వెనక నుంచి పేరయ్య "అల్లుడూ, ఒరే అల్లుడూ" అంటూనే ఉన్నాడు.

ఆటో దగ్గర యేసుపాదం బీడీ పారేశాడు. "ఏమైందిరా? మాట వెనక్కి తీసుకున్నాడా?"

"ఇంటికి పోనీ."

"ఏరా?"

"గట్టిగా పోనీ. నడుం సంగతి చూడబాక."

యేసుపాదం దారి పొడుగునా గుంట వచ్చినప్పుడల్లా అద్దంలో వెనక్కి చూశాడు. మనిషి గోతాల మీద కూర్చోలేదు. రేకు మీదే కూర్చున్నాడు. ప్రతి గుంటనూ తనకు రావాల్సిన బాకీలా నడుంతో వసూలు చేసుకుంటున్నాడు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. వెంగమ్మ వాకిట్లో పొయ్యిలోకి పత్తికట్టె విరుస్తోంది. ఆటో చప్పుడుకి తలెత్తింది. చేలోకి పోయిన మనిషి కొత్తపాలెం రోడ్డు నుంచి రావడం చూసింది. కాళ్ళకు మట్టి లేకపోవడం చూసింది. ఆమె కూడా చూసి తెలుసుకునే మనిషే. ముప్పయ్యేళ్ళు ఆయన పక్కన బతికింది.

చేతిలో కట్టె కింద పెట్టలేదు.

"చెప్పాడా మీ మామ?" అంది.

దారంతా పేర్చుకున్న మాటల్లో సింగరయ్యకు ఒక్కటే బయటకొచ్చింది. "ఎందుకు?"

వెంగమ్మ కళ్ళు తిప్పుకోలేదు. ఏడవలేదు. మోకాలి మీద కట్టె ఆనించి ఫటుక్కున విరిచి, కట్టలో కలిపింది.

"చెప్తా. లోపలికి రా. అలేఖ్య మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. అడిగేదేదో దాని ముందరే అడుగు."

"దాని ముందర ఎందుకే? దానికి ఇవన్నీ ఇప్పుడే..."

"దానికి తెలుసు," అంది వెంగమ్మ. "నాకంటే ముందే తెలుసు."